ఏడు నెలలుగా అప్‌డేట్ అడుగుతోంది, ఫొటోలు పోతాయని భయం. చేయమంటారా?

బరంపురం_పట్టు
"సిస్టమ్ అప్‌డేట్ సిద్ధంగా ఉంది" అని ఏడు నెలలుగా ఫోన్ గోల పెడుతోంది. రోజూ "తర్వాత" నొక్కేస్తున్నాను. నిన్న పేమెంట్ యాప్ కూడా మొదలెట్టింది, పాత వెర్షన్ ఇక పనిచేయదట. సరే చేసేద్దామని కూర్చుంటే స్థలం చాలదంది. 128 జీబీ ఫోన్‌లో మిగిలింది 900 ఎంబీ.

మాకు బరంపురంలో పట్టుచీరల కొట్టుంది. మా మావయ్యగారు మగ్గం మీద పెరిగిన మనిషి. గుడి శిఖరాల్లా మొన తేలే ఫోడా కుంభ అంచులు ఆయన గ్రాఫు కాగితాల మీద గీసుకున్న పుస్తకాలు ఉండేవి. 2013లో ఫైలిన్ తుపానుకి మేడ మీద రేకులు లేచిపోయి సగం పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. మిగిలిన పేజీలను నేను 2019లో ఫొటోలు తీశాను. ఆ తర్వాత ఆ పుస్తకాలకీ చెద పట్టింది. అంటే ఇప్పుడు ఆ డిజైన్లన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి. కస్టమర్ల ఆర్డర్లు, లెక్కలు కూడా ఇందులోనే. మా చిన్నత్త కొడుకు ఫోన్ అప్‌డేట్ చేస్తుండగా నల్లబడి మళ్ళీ వెలగలేదు, అందుకే చెయ్యి రావట్లేదు. చేయాలా, మానాలా? చేసేముందు ఏవి దాచుకోవాలి? కంప్యూటర్ భాష వద్దు, మామూలుగా చెప్పండి.

గుణుపురం_గోపి
చేయకు అన్నా. నడుస్తున్న బండికి ఇంజను విప్పుతారా ఎవరైనా? నాది 2020లో కొన్న ఫోన్. అది అడిగినా అడక్కపోయినా నేను పట్టించుకోను. గుర్రంలా ఉంది.

బరంపురం_పట్టు
అన్నని కాదు, అక్కని.

సెల్‌రిపేర్_రాయగడ
గోపీ, గుర్రం సరే, కొట్టానికి గడియే లేదు.

అక్కా, పదకొండేళ్ళుగా ఫోన్లు విప్పుతున్నాను. అప్‌డేట్ తర్వాత వెలగని ఫోన్లు నా బల్ల మీదికి వస్తాయి, రావని అనను. వచ్చినప్పుడు అడిగితే కథ దాదాపు ఒకటే. చార్జింగ్ పది శాతం ఉండగా మొదలెట్టారు, లేదా మధ్యలో కంగారుపడి పవర్ బటన్ నొక్కారు, లేదా నెట్‌లో ఎక్కడో దొరికిన ఫైలు ఎక్కించారు. సెట్టింగ్స్‌లోకి కంపెనీ పంపిన అప్‌డేట్ వేరు, ఇది వేరు.

ఇప్పటి చాలా ఫోన్లలో కొత్త సిస్టమ్ పక్క గదిలో సర్దుకుంటుంది. మీరు పాత గదిలో ఫోన్ వాడుకుంటూనే ఉంటారు. రీస్టార్ట్ చేసినప్పుడు గది మారుతుంది. కొత్త గది తలుపు తెరుచుకోకపోతే పాత గదికే తిరిగొస్తుంది. అప్‌డేట్‌కి ఫొటోలు చెరిగిపోవు, చెరిపేది ఫ్యాక్టరీ రీసెట్. అయినా బ్యాకప్ లేకుండా నేనైతే నా ఫోన్‌కే అప్‌డేట్ చేయను.

ముందు స్థలం సంగతి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్, అందులో మేనేజ్ స్టోరేజ్ తెరవండి. 5 ఎంబీ దాటినవి, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి విడిగా చూపిస్తుంది. అక్కడ మీకు దేవుళ్ళు, గులాబీలు, కాఫీ కప్పులు కనిపిస్తాయి.

బరంపురం_పట్టు
చూశాను. ఒక్క మా ఆడపడుచు పంపిన శుభోదయాలే 6 జీబీ!

ఇచ్ఛాపురం_బోర్డర్
6 జీబీ అభిమానం అంటే మాటలా. దాచుకోండి.

పర్లాకిమిడి_పిల్ల
మా అమ్మ ఫోన్ మెనూ తెలుగులో పెట్టాను. "నిల్వ నిండిపోయింది" అని వచ్చింది. అమ్మ వంటింట్లోకెళ్ళి ఆవకాయ జాడీ మూత తీసి చూసొచ్చి, "ఇంకా సగమే ఉంది కదే" అంది.

జయపురం_మాస్టారు
బరంపురం అమ్మాయీ, ఏదీ చెరపొద్దు, ఆగు. గ్రాఫు ఫొటోలు 2019లో తీశానన్నావు. అవి తీసింది ఈ ఫోన్‌తోనేనా? ఇప్పుడు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయి? అది చూడకుండా వీళ్ళ మాట విని శుభోదయాలతోపాటు అవీ ఊడ్చేస్తావు.

బరంపురం_పట్టు
ఈ ఫోన్ కాదు మాస్టారూ, పాతది. దాని స్క్రీన్ పోతున్నప్పుడు నా వాట్సాప్ నుంచి మావారి నంబరుకి పంపి, కొత్తది కొన్నాక ఆయన దగ్గర్నుంచి తిరిగి తెచ్చుకున్నాను. గూగుల్ ఫొటోస్‌లో "బ్యాకప్ ఆన్" అనే ఉంది. అన్నీ పైకి ఎక్కినట్టే కదా?

జయపురం_మాస్టారు
సరిగ్గా అక్కడే అనుమానం వచ్చింది. రెండు విషయాలు చెబుతాను.

ఒకటి. "బ్యాకప్ ఆన్" అంటే కెమెరాతో తీసినవి ఎక్కుతున్నాయని మాత్రమే అర్థం. వాట్సాప్‌లో వచ్చిన బొమ్మలు వేరే ఫోల్డర్‌లో ఉంటాయి. బ్యాకప్ సెట్టింగ్స్‌లో డివైస్ ఫోల్డర్స్‌కి వెళ్ళి వాట్సాప్ ఇమేజెస్‌ని మనమే ఆన్ చేయాలి. మీ గ్రాఫులు ఆ ఫోల్డర్‌లో ఉంటే పైకి ఒక్కటీ ఎక్కి ఉండదు.

రెండు. వాట్సాప్‌లో ఫొటోని ఫొటోలా పంపితే అది నొక్కి చిన్నది చేసి పంపుతుంది. ఉన్నది ఉన్నట్టు వెళ్ళాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి. హెచ్‌డీ బటన్ 2023లో వచ్చింది, అదీ మొత్తం ఒరిజినల్ కాదు. ఒక గ్రాఫు ఫొటో తెరిచి, రెండు వేళ్ళతో పెద్దది చేసి గళ్ళు లెక్కపెట్టు. లెక్క తేలితే చాలు, మిగతావి రేపు మాట్లాడుకుందాం.

బరంపురం_పట్టు
లెక్క తేలలేదు.

అంచు మొదట్లో గళ్ళు బాగానే ఉన్నాయి. పైకి పోతున్నకొద్దీ నీలం గీతలు కాగితంలో కలిసిపోయాయి. కుంభం మొన దగ్గర ఒక గడి తగ్గిందా రెండు తగ్గాయా తెలియట్లేదు. నేసేవాళ్ళకి ఉన్న లెక్కంతా అక్కడే. మావయ్యగారికి చూపించాను. అద్దాలు పెట్టుకుని చూశారు, అద్దాలు తీసి చూశారు. "ఇది గ్రాఫు కాదమ్మా, బూజు పట్టిన గోడ" అన్నారు. గూగుల్ ఫొటోస్‌లో వెతికి చూస్తే ఒక్క పేజీ లేదు. ఇన్నేళ్ళూ ఆ "ఆన్" చూసుకుని నిశ్చింతగా నిద్రపోయాను.

నైట్‌డ్యూటీ_నర్సు
అయ్యో. మీకు తోడు నేనున్నాను అక్కా. వాట్సాప్ బ్యాకప్‌కి ఎన్‌క్రిప్షన్ అనే తాళం పెట్టుకుంటే భద్రం అని ఎవరో చెబితే పెట్టాను. పాస్‌వర్డ్ పెట్టమంది, లేదంటే 64 అంకెలూ అక్షరాలూ ఉన్న కీ రాసుకోమంది. పాస్‌వర్డ్ పెట్టాను. ఫోన్ మారాక అది అడిగింది. నాకున్న పాస్‌వర్డ్‌లన్నీ కొట్టి చూశాను. అది మర్చిపోతే వాట్సాప్ వాళ్ళు కూడా తెరవలేరట. రెండేళ్ళ చాట్లు గూగుల్ డ్రైవ్‌లో భద్రంగానే ఉన్నాయి, ఎంత భద్రమంటే నాకే అందవు.

గుణుపురం_గోపి
అందుకే అన్నాను, ఏదీ ముట్టుకోకూడదని.

నైట్‌డ్యూటీ_నర్సు
గోపి గారూ, నేను ముట్టుకున్నది అప్‌డేట్ కాదు, ఫోన్ మార్చాను. మీ గుర్రం కూడా ఏదో రోజు చస్తుంది కదా.

సెల్‌రిపేర్_రాయగడ
బరంపురం అక్కా, పాత ఫోన్ ఏం చేశారు? అమ్మేశారా?

బరంపురం_పట్టు
లేదు, దానికి ఐదొందలిస్తామన్నారు, కోపం వచ్చి బీరువాలో పడేశాను. స్క్రీన్ మీద గీతలు తప్ప ఏమీ కనపడదు.

సెల్‌రిపేర్_రాయగడ
ఆ కోపం మంచిదైంది! స్క్రీన్ పోతే కన్ను పోయినట్టు, జ్ఞాపకాలు లోపలే ఉంటాయి. డిస్‌ప్లే మారిస్తే ఫొటోలు బయటికొస్తాయి. కానీ రెండు జాగ్రత్తలు. వెనక మూత ఉబ్బిందేమో చూడండి, ఉబ్బితే చార్జింగ్ పెట్టొద్దు, ముందు బ్యాటరీ మార్పించండి. రెండోది, షాపులో ఎవరైనా "రీసెట్ కొడితే లేస్తుంది" అంటే ఫోన్ లాక్కుని వచ్చేయండి. ఇంకోటి, లాక్ ప్యాటర్న్ గుర్తుండాలి. అది లేకపోతే నేనూ ఏం చేయలేను, లోపల ఉన్నదంతా ఆ తాళంతోనే ముడిపడి ఉంటుంది.

బరంపురం_పట్టు
ప్యాటర్న్... ఐదేళ్ళయింది. అడుగుతాను.

మజ్జిగౌరి_ట్రావెల్స్
బ్యాటరీ ఉబ్బడం అన్నారు కాబట్టి నా గోల కూడా. విశాఖ ట్రిప్పులేస్తాను. ఫోన్ అద్దం దగ్గర స్టాండుకి పెట్టి, మ్యాప్ ఆన్, చార్జింగ్ ఆన్, పైన ఎండ. ఏడాదిలో మూత లేచిపోయింది. రాత్రంతా చార్జింగ్‌లో పెట్టి ఉంచడం వల్లేనని మా ఆవిడని తిట్టాను పాపం.

సెల్‌రిపేర్_రాయగడ
ఆవిడ తప్పేం లేదు. వంద అయ్యాక ఫోనే చార్జింగ్ ఆపుకుంటుంది. బ్యాటరీని తినేది వేడి. అందుకే స్టాండుని ఏసీ గాలి తగిలేచోటికి మార్చు. 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ మీ ఫోన్‌లో ఉంటే ఆన్ చేసుకో, రోజంతా చార్జర్ మీదే ఉండే నీలాంటివాళ్ళకే అది.

పర్లాకిమిడి_పిల్ల
క్లీనర్ యాప్ వేసుకుంటే స్థలం వస్తుందా? మా రూమ్మేట్ వేసింది.

సెల్‌రిపేర్_రాయగడ
ఇల్లు ఊడ్వడానికి వచ్చి హాల్లో పడుకునే మనిషి లాంటిది అది. తీసేయమను. ఒక్క విషయం మాత్రం జాగ్రత్త. యాప్ స్టోరేజ్‌లో "క్లియర్ కాష్" నొక్కితే చెత్త పోతుంది. పక్కనే ఉన్న "క్లియర్ డేటా" నొక్కితే ఆ యాప్ కొత్తగా పుట్టినట్టే. రెండు బటన్లూ పక్కపక్కనే పెట్టినవాడి చేతికి దండం.

ఇచ్ఛాపురం_బోర్డర్
నాది వేరే కష్టం. ఇల్లు సరిగ్గా సరిహద్దులో. హాల్లో కూర్చుంటే ఒడిశా టవర్, వంటింట్లోకి వెళ్తే ఆంధ్రా టవర్. రోజూ నాలుగుసార్లు స్వాగతం మెసేజ్. బ్యాకప్ సగంలో ఆగిపోతుంది. 1936లో ఒడిశా రాష్ట్రాన్ని విడగొట్టినప్పుడే పంపకాలు అయిపోయాయనుకున్నాం, టవర్లు మళ్ళీ మొదలెట్టాయి.

జయపురం_మాస్టారు
ఆగిన చోటు నుంచే మళ్ళీ ఎక్కుతుంది, బెంగపడకు. వైఫై లేకపోతే గూగుల్ ఫొటోస్‌లో మొబైల్ డేటా వాడమని చెప్పి, రోజుకి ఇంత అని పరిమితి పెట్టుకోవచ్చు. రాత్రి పన్నెండుకి ఎలాగూ వృథాగా పోయే డేటాయే కదా.

అన్నట్టు ఉచితం 15 జీబీయే. అందులో మెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నీ కలిసి సర్దుకోవాలి. 2021 జూన్ 1కి ముందు కాస్త చిన్నవి చేసిన ఫొటోలు లెక్కలోకి వచ్చేవి కావు, ఆ రోజు నుంచి వస్తున్నాయి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా 2024 నుంచి ఆ 15లోనే. అందుకే బరంపురం అమ్మాయి ఆడపడుచు శుభోదయాలు అక్కడ కూడా అద్దె లేకుండా కాపురం పెడతాయి. బ్యాకప్‌లో వీడియోలు వద్దని చెప్పే బటన్ ఉంది, వాడుకోండి.

పర్లాకిమిడి_పిల్ల
మాస్టారూ, ఫొటోస్ పైకి ఎక్కాక ఫోన్‌లో డిలీట్ చేయొచ్చా? మా నాన్న చేస్తే రెండు చోట్లా పోయాయి.

జయపురం_మాస్టారు
ఫొటోస్ యాప్‌లో డిలీట్ కొడితే పైన కూడా పోతుంది. ఫోన్‌లో మాత్రమే ఖాళీ కావాలంటే "ఫ్రీ అప్ స్పేస్" నొక్కాలి. నాన్నగారివి చెత్తబుట్టలో వెతుకు, పైకి ఎక్కినవైతే 60 రోజులు ఉంటాయి.

పర్లాకిమిడి_పిల్ల
దొరికాయి!! 41 రోజులైంది అంతే. నాన్న ఇప్పుడు అందరికీ తానే కనిపెట్టినట్టు చెబుతున్నారు.

మా ఇంట్లో ఇంకో కథ కూడా ఉంది. 2018 తిత్లీ తుపానుకి నాన్న లాప్‌టాప్, హార్డ్ డిస్క్ ఒకే బల్ల సొరుగులో ఉన్నాయి. బ్యాకప్ ఉందని ధీమా. నీళ్ళు రెండింటినీ ఒకేసారి పలకరించాయి.

జయపురం_మాస్టారు
అదీ. మూడు చోట్ల ఉండాలి, మూడోది వేరే ఊళ్ళో ఉండాలి. తుపాను వస్తే బరంపురానికీ గోపాలపురానికీ కలిపే వస్తుంది. మాలాంటి కొండ మీది ఊళ్ళో చుట్టాలుంటే ఒక పెన్‌డ్రైవ్ వాళ్ళ బీరువాలో పెట్టండి.

గుణుపురం_గోపి
పెన్‌డ్రైవ్ బీరువాలో పెట్టి పదేళ్ళు మర్చిపోతే దానంతటదే చెరిగిపోతుందని విన్నాను. ఇది నిజమా లేక నేను మళ్ళీ తప్పా?

సెల్‌రిపేర్_రాయగడ
ఈసారి నువ్వే కరెక్టు. లోపల చార్జ్ రూపంలోనే దాచుకుంటుంది, ఏళ్ళ తరబడి కరెంటు తగలకపోతే కారిపోవచ్చు. ఏడాదికోసారి, సంక్రాంతికో దసరాకో, తీసి గుచ్చి రెండు ఫొటోలు తెరిచి చూడాలి. ఫోన్‌కి నేరుగా గుచ్చే ఓటీజీ పెన్‌డ్రైవ్ కొనండి, కంప్యూటర్ అక్కర్లేదు. 4 జీబీ దాటిన వీడియో ఎక్కనంటే పెన్‌డ్రైవ్ పాడైనట్టు కాదు, పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది. ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతికి మార్పించుకోండి.

మజ్జిగౌరి_ట్రావెల్స్
మధ్యలో వచ్చి చెబుతున్నా. నిన్న నాకు వాట్సాప్‌లో చలానా వచ్చింది, కింద ఒక ఏపీకే ఫైలు, అంటే నొక్కితే యాప్ ఎక్కించే ఫైలు. "చలానా చూడటానికి యాప్ అప్‌డేట్ చేయండి" అని. బండి నంబరు కూడా కరెక్టే. వేలు పెట్టేసేవాణ్ణే, ఈ చర్చ గుర్తొచ్చి ఆగాను.

సెల్‌రిపేర్_రాయగడ
బతికిపోయావు. అప్‌డేట్ ఎప్పుడూ రెండు గుమ్మాల్లోంచే వస్తుంది, యాప్‌లకి ప్లే స్టోర్, ఫోన్‌కి సెట్టింగ్స్. మెసేజ్‌లో వచ్చేది అప్‌డేట్ కాదు, అది ఎక్కితే ముందు నీ ఓటీపీలు చదువుతుంది. ఎవరైనా ఇప్పటికే నొక్కి డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

బరంపురం_పట్టు
రెండు రోజులు కనపడలేదని తిట్టుకోకండి. పాత ఫోన్ పట్టుకుని తిరిగాను. మొదటి షాపు కుర్రాడు మీరన్నట్టే "రీసెట్ కొట్టేద్దాం ఆంటీ" అన్నాడు. లాక్కుని వచ్చేశాను, ఆంటీ అన్నందుకు కూడా. రెండో చోట డిస్‌ప్లే మార్చారు, 1,800 అయింది. వెలిగింది. వెలగగానే ప్యాటర్న్ అడిగింది.

మూడుసార్లు తప్పు గీశాను. నాలుగోసారి తప్పితే ఎలా అని చేతులు వణికి ఇంటికి తెచ్చేశాను. మావయ్యగారు పక్కన కూర్చుని, "అప్పట్లో నువ్వు ఏం గీసేదానివో నాకు తెలుసు, వేలు కింద నుంచి పైకి వెళ్ళి మొన తిరిగి కిందకి దిగేది. కుంభం గీస్తున్నావని నవ్వుకునేవాణ్ణి" అన్నారు. ఫోన్ ముట్టుకోని మనిషి నా వేలు చూసి గుర్తుపెట్టుకున్నారు. గీశాను, తెరుచుకుంది.

84 పేజీలు. గళ్ళన్నీ లెక్కకి వస్తున్నాయి.

ఇచ్ఛాపురం_బోర్డర్
ఒళ్ళు జలదరించింది. అక్కా, ఆ ప్యాటర్న్ ఇప్పుడు మా అందరికీ తెలుసు, మార్చండి.

జయపురం_మాస్టారు
సంతోషం తల్లీ. ఇప్పుడైనా వాట్సాప్‌లో పంపుకోకు. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించు, గూగుల్‌లో "ఒరిజినల్ క్వాలిటీ" పెట్టి ఎక్కించు. ఎక్కాక ఫోన్ పక్కన పెట్టి, మీ ఆయన ఫోన్‌లో పెన్‌డ్రైవ్ గుచ్చి, మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి మీ మావగారి చేత గళ్ళు లెక్కపెట్టించు. ఆయన ఒప్పుకుంటేనే బ్యాకప్ అయినట్టు.

బరంపురం_పట్టు
ఒప్పుకున్నారు. 37వ పేజీ తెరిచాం. లెక్క సరిపోయింది, పైగా అప్పట్లో తానే ఒక గడి తప్పు గీశానని ఇప్పుడు కనిపెట్టారు. ఒక పెన్‌డ్రైవ్ కోరాపుట్‌లో మా పెద్దమ్మాయి దగ్గరికి పంపిస్తున్నాను.

గుణుపురం_గోపి
ఇదంతా చదివి నేనూ సెట్టింగ్స్‌లోకి వెళ్ళాను. "మీ ఫోన్ తాజాగా ఉంది" అంది. చూశారా, నేను చెప్పలేదూ?

సెల్‌రిపేర్_రాయగడ
దాని కింద సెక్యూరిటీ ప్యాచ్ తేదీ, అంటే భద్రత మరమ్మతు చివరిసారి ఎప్పటిదో ఉంటుంది, చదువు.

గుణుపురం_గోపి
2022 ఆగస్టు.

సెల్‌రిపేర్_రాయగడ
అంటే కంపెనీ నీ ఫోన్‌ని వదిలేసింది తమ్ముడూ. పంపడానికి వాళ్ళ దగ్గర ఏమీ లేదు కాబట్టి "తాజా" అంటోంది. ఈసారి కొనేటప్పుడు కెమెరా ఎంత అని కాకుండా ఎన్నేళ్ళు అప్‌డేట్లు ఇస్తారో అడుగు. గూగుల్ వాళ్ళ పిక్సెల్ 8 నుంచి, శాంసంగ్ వాళ్ళ గెలాక్సీ ఎస్24 నుంచి ఏడేళ్ళు అంటున్నారు. తక్కువ ధరవాటిలో అంత ఉండదు, పెట్టె మీద కాదు, కంపెనీ సైట్‌లో చూసుకో. అప్పటిదాకా ఆ ఫోన్‌లో బ్యాంకు పని పెట్టుకోకు.

గుణుపురం_గోపి
గుర్రానికి రిటైర్మెంట్ ఇచ్చేస్తున్నా. పాటలు వినడానికి ఉంచుకుంటాను.

నైట్‌డ్యూటీ_నర్సు
ఎవరైనా ఫోన్ మారుతుంటే నాలా చేయకండి. పాతదీ కొత్తదీ రెండూ ఆండ్రాయిడే అయితే పక్కపక్కన పెట్టి వాట్సాప్‌లో "ట్రాన్స్‌ఫర్ చాట్స్" నొక్కి క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాట్లు నేరుగా వచ్చేస్తాయి, డ్రైవ్ అక్కర్లేదు. ఇది నాకు తెలిసేసరికి పాత ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పోయింది.

బరంపురం_పట్టు
అప్‌డేట్ కూడా చేసేశాను. అందరి శుభోదయాలూ కలిపి చెరిపితే 11 జీబీ ఖాళీ వచ్చింది. నిన్న రాత్రి 86 శాతం చార్జింగ్‌తో, చార్జర్ గుచ్చి ఉంచి నొక్కాను. రీస్టార్ట్ అవుతున్నంతసేపు ఇంట్లో ఎవరినీ దాని దగ్గరికి రానివ్వలేదు. లేచింది. అన్నీ ఉన్నాయి. ఈ రోజు చార్జింగ్ మాత్రం తొందరగా తగ్గుతోంది, కంగారా?

సెల్‌రిపేర్_రాయగడ
ఒకటి రెండు రోజులు లోపల సర్దుకుంటుంది, అందుకే. వారం దాటినా అలాగే ఉంటే అప్పుడు చెప్పండి.

బరంపురం_పట్టు
సరే. ఇంకొక్కటి. కరెంటు పోయింది, టార్చ్ బటన్ ఎక్కడికి పోయిందో కనపడట్లేదు. మావయ్యగారు చీకట్లో నిలబడి నవ్వుతున్నారు.

పర్లాకిమిడి_పిల్ల
పైనుంచి రెండుసార్లు కిందకి లాగి, పక్కకి జరపండి అక్కా. రెండో పేజీలో దాక్కుంటుంది.